రూపాయి డయోడు, లక్షల మగ్గం

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు సాంచాల (మరమగ్గాల) ఖాతాల్లో, అంటే కార్ఖానాల్లో, తెలుగు వినపడటం కొత్త సంగతి కాదు. సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి మన పద్మశాలీలు తరాలుగా ఇక్కడికి వచ్చి మగ్గాలు ఆడిస్తున్నారు. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మీడియం బళ్లు కూడా నడుపుతోంది. వాళ్ల వలస గురించి, నేత గురించి చాలామంది రాశారు. మగ్గం పక్కన, పీచు పట్టిన రేకు డబ్బాలో ఉండే చిన్న సర్క్యూట్ గురించి, దాన్ని బతికించే మేస్త్రీల గురించి రాసినవాళ్లు నాకు కనబడలేదు. ఆ పనిలోని అందం చూసినవాణ్ని, చెప్పకుండా ఉండలేను.

మగ్గం మీద పడుగు పోగులు వేలల్లో ఉంటాయి. అందులో ఒకటి తెగినా మగ్గం ఆగకుండా నేస్తూ పోతే గుడ్డకు నిలువునా చార పడుతుంది. మీటరు లెక్కన కూలి తీసుకునేవాడికి ఆ చార అంటే కూలిలో కోత. అందుకే రేపియర్ మగ్గాల మీద ప్రతి పడుగు పోగుకూ ఒక సన్నటి ఉక్కు రేకు తగిలిస్తారు. దాన్ని డ్రాప్ పిన్ను అంటారు. పోగు బిగువుగా ఉన్నంతసేపూ పిన్ను దాని మీద వేలాడుతుంది, తెగితే జారి కింది పట్టీ మీద పడుతుంది. ఆ పట్టీలో రెండు లోహపు భాగాలుంటాయి, నడుమ కరెంటు పారని పొర. పడిన పిన్ను ఆ రెంటినీ కలుపుతుంది. తెగిన పోగు తనంతట తాను వేసుకున్న స్విచ్చి అది!

అయితే ఆ పిన్ను మీద నూనె జిడ్డు, పీచు, దుమ్ము. పెద్ద కరెంటు దాని గుండా పంపితే నిప్పురవ్వలు లేచి పిన్ను మాడుతుంది. అక్కడ పారవలసింది కొద్దిపాటి కరెంటే. మగ్గాన్ని ఆపే స్విచ్చికి, అంటే రిలేకు మాత్రం అంతకంటే ఎక్కువ కావాలి. ఈ రెంటి మధ్యా నిలబడేది ట్రాన్సిస్టర్. బేస్‌లోకి చిన్న కరెంటు ఇస్తే, కలెక్టర్ నుంచి ఎమిటర్‌కు పెద్ద కరెంటును పోనిస్తుంది.

లెక్క చూడండి, ఎంత ముచ్చటగా ఉంటుందో. 12 వోల్టుల రిలే, కాయిల్ 400 ఓమ్‌లు. అంటే 30 మిల్లీ ఆంపియర్లు. బీసీ547 ట్రాన్సిస్టర్ రకాన్ని బట్టి బేస్ కరెంటును 110 నుంచి 800 రెట్లు పెంచగలదు. కాగితం మీద 0.3 మిల్లీ ఆంపియర్లు చాలు. మంచి మేస్త్రీ అలా ఇవ్వడు, రిలే కరెంటులో పదో వంతు పట్టి 3 మిల్లీ ఆంపియర్లు ఇస్తాడు. 12 వోల్టుల్లో బేస్ దగ్గర 0.7 పోగా 11.3 మిగులుతుంది. దాన్ని 3తో భాగిస్తే 3.77 కిలో ఓమ్‌లు. బజార్లో దొరికే దగ్గరి రెసిస్టర్ 3.9 కిలో ఓమ్‌లు. అప్పుడు ట్రాన్సిస్టర్ పూర్తిగా తెరుచుకుంటుంది, దాని మీద 0.2 వోల్టు మాత్రమే పడుతుంది, ఖర్చు 6 మిల్లీ వాట్లు. సగం తెరుచుకుంటే 90 మిల్లీ వాట్లు. ఆ వేడికి ట్రాన్సిస్టర్ చావకపోవచ్చు, రిలే మాత్రం పూర్తిగా లాగలేక కటకటలాడి కాంటాక్టులు మాడ్చుకుంటుంది. ఉంటే పూర్తిగా ఆన్, లేకపోతే పూర్తిగా ఆఫ్. స్విచ్చింగ్‌లో నైపుణ్యమంతా ఈ నియమం తప్పకుండా చూడటమే.

లింబాయత్‌లో ఒక పెద్ద మేస్త్రీ పని గంటల తరబడి చూశాను. సర్క్యూట్ పటం లేని బోర్డు తెచ్చి బల్ల మీద పెడితే, మీటరు ముళ్లు రెండూ ఆనిస్తూ రాగి దారుల వెంట పోయి, పాత బిల్లు వెనకాల మొత్తం పటం గీసేస్తాడు. రిలే చప్పుడు విని బేస్ కరెంటు తక్కువైందని పసిగడతాడు. కెపాసిటర్ విలువ రాసే ముందు ఆయన అడిగే ప్రశ్న ఒకటే: “నీ మగ్గం నిమిషానికి ఎన్ని పిక్కులే?”

ఆ ప్రశ్నలో చదువంతా ఉంది. పిక్కు అంటే పేక పోగు ఒకసారి అడ్డంగా పోవడం. మగ్గం అదురుకు పిన్నులు ఊరికే తగిలి లేస్తుంటాయి. అలాంటి తప్పుడు తాకిడికి మగ్గం ఆగకుండా, మొదటి మెట్టులో రెసిస్టర్, కెపాసిటర్ జోడీ పెడతారు. 10 కిలో ఓమ్‌లు, 10 మైక్రోఫారడ్‌లు: రెంటి లబ్ధం 0.1 సెకను. నిమిషానికి 150 పిక్కులు వేసే పాత సాంచాకు ఒక్కో పిక్కు 0.4 సెకను, కాబట్టి ఆ ఆలస్యం పావు పిక్కే. అదే విలువ నిమిషానికి 600 పిక్కుల మగ్గానికి పెడితే ఒక పూర్తి పిక్కు పోతుంది. దానికి 1 మైక్రోఫారడ్ చాలు. ఇంకోటి, బేస్ నుంచి గ్రౌండ్‌కు ఒక రెసిస్టర్. అది లేకపోతే బేస్ గాలిలో వేలాడుతుంది. పాలియెస్టర్ పోగులో పుట్టే స్థిర విద్యుత్తూ, వానాకాలపు తేమా దాన్ని ఎటు పడితే అటు లాగుతాయి.

ఇక డయోడు. నా దృష్టిలో ఈ మొత్తం పనికి ప్రాణం అదే. రిలే కాయిల్‌లో కరెంటు పరుగులో ఉన్న ఎడ్లబండి లాంటిది, పగ్గం లాగగానే నిలవదు. ట్రాన్సిస్టర్ ఆఫ్ అయిన క్షణాన కాయిల్ తన 30 మిల్లీ ఆంపియర్లను ఎలాగైనా పారించాలని వోల్టేజీని వందల్లోకి ఎగదోస్తుంది. బీసీ547 తట్టుకునేది 45 వోల్టులే. కాయిల్‌కు అడ్డంగా, తిరగేసి, ఒక 1ఎన్4007 పెడితే ఆ కరెంటు దానిలో చుట్టు తిరిగి చల్లారుతుంది. ట్రాన్సిస్టర్ మీద 12.7 వోల్టులకు మించి పడదు. కాకపోతే రిలే వదలడం కొంచెం ఆలస్యమవుతుంది. వేగంగా వదలాల్సిన చోట మేస్త్రీ డయోడుకు వరసగా 24 వోల్టుల జీనర్ కలుపుతాడు. 12, 24, 0.7 కలిపితే 36.7. పరిమితి లోపలే ఉంది, రిలే చురుగ్గా వదిలింది. ఇలాంటి పని చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది.

ట్రాన్సిస్టర్ 1947 చివర్లో అమెరికా బెల్ ప్రయోగశాలలో పుట్టింది. మన దగ్గర బెంగళూరు భారత్ ఎలక్ట్రానిక్స్ వాళ్ల ఎస్ఎల్100 ట్రాన్సిస్టర్ మీద ఒక తరం సోల్డరింగ్ నేర్చుకుంది. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ను నిలబెట్టినవాడు మన అయ్యగారి సాంబశివరావు. తల్లి చేతుల నొప్పి చూడలేక 1999లో చేత్తో నూలు చుట్టే పనిని తప్పించే ఆసు యంత్రం పూర్తి చేసి, 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం మన సాలెల బిడ్డ. యంత్రం మనసు పట్టుకోవడం మన ఇళ్లలో ఉన్న విద్యేనని గట్టిగా నమ్ముతాను. 2006 ఆగస్టులో తాపీ వరద నగరాన్ని ముంచినప్పుడు ఒండ్రు పట్టిన బోర్డులను మంచినీళ్లతో కడిగి, ఆరబెట్టి, రిలేలు మార్చి మళ్లీ ఆడించిన చేతుల గురించి ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ చెబుతారు.

ఇప్పుడు మగ్గం ఆపే బోర్డులుగా వస్తున్న చవక కిట్లు చూస్తే ఒళ్లు మండుతుంది. రూపాయో రెండో ఖరీదు చేసే డయోడు ఎగ్గొడతారు. బేస్ రెసిస్టర్ లెక్క లేకుండా పడేస్తారు. ఏదో నాసిరకం ట్రాన్సిస్టర్ మీద పేరున్న నంబరు అచ్చేస్తారు. చిప్పుల మీది నంబర్లు గీకేస్తారు, బోర్డంతా నల్లటి రెజిన్ పోసి మూసేస్తారు. ఎందుకు? ఎవరూ బాగుచేయకూడదు, పాడైన ప్రతిసారీ కొత్తది కొనాలి. ఇది దోపిడీ. బోర్డు ఆపలేకపోతే చార పడేది గుడ్డ మీద, కోత పడేది నేసే కారీగర్ కూలిలో, కిట్టు అమ్మినవాడికి పైసా నష్టం లేదు. సేట్లు కూడా బాగుచేయించే ఓపిక వదిలేసి “మార్చెయ్” అంటున్నారు. మేస్త్రీల కొడుకులు సెల్‌ఫోన్ దుకాణాలకు పోతున్నారు. ఆ బల్లల దగ్గర ఇరవై ఏళ్ల కుర్రాడు కనబడటం లేదు. లింబాయత్ సంఘాలవాళ్లు పెళ్లిళ్లకు, పండుగలకు హాళ్లు కట్టారు, సంతోషం. ఒక గదిలో నాలుగు సోల్డరింగ్ ఐరన్లు పెట్టి, ఈ పెద్దవాళ్లను కూర్చోబెట్టి, తెలుగులో నేర్పించండి. ఖర్చు ఒక పాత సాంచా ధర కూడా కాదు.

కిట్టు కొనే అన్నలకు ఒక మాట. డబ్బులిచ్చే ముందు బోర్డు వెనక్కి తిప్పండి. రిలే కాయిల్ రెండు కాళ్లు ఎక్కడికి పోయాయో చూడండి. వాటి మధ్య డయోడు ఉండాలి, దాని వెండి గీత ప్లస్ వైపు ఉండాలి. లేకపోయినా, రెజిన్ పోసి చూడనివ్వకపోయినా, ఆ కిట్టు అక్కడే వదిలేసి రండి.