చెమటలో మూడు జతల ఇయర్‌బడ్స్

ఈ వేసవిలో మూడు జతల వైర్‌లెస్ ఇయర్‌బడ్స్‌ను జిమ్ములో వాడి చూసినాను. ఒకటి నాది, ఒకటి మామది, ఒకటి అక్కది. కొనకముందు ఫోనులో చాలా సమీక్షలు చూసినాను. చెప్పేవాళ్లందరూ ఏసీ గదిలో కుర్చీలో కూర్చుని "బేస్ అదిరింది" అన్నవాళ్లే. మా జిమ్ముకు పైకప్పు సిమెంటు రేకులు. మే నెలలో వేలూరు ఎండ ఎట్లుంటుందో ఈ పత్రిక చదివేవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. పొద్దున ఆరున్నరకే, రెండో సెట్టు ముగిసేలోపల, చెమట కనుబొమలు దాటి కళ్లద్దాల మీదికి కారతా ఉంటుంది. ఆ చెమటలో ఏది నిలుస్తుందో చెప్పినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. అందుకే నేను రాస్తున్నాను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. జిమ్ము కోసం కొనే ఇయర్‌బడ్స్‌లో పాట ఎంత బాగా వినబడుతుంది అనేది చివర చూడవలసిన సంగతి. చెవిలో నిలుస్తుందా, చెమటకు ఓర్చుకుంటుందా, పక్కనున్న మనిషి మాట విననిస్తుందా అనేవి ముందు చూడాలి. మూడోది మొదట్లో నా లెక్కలోనే లేదు. అది బెంచి మీద పడుకొని, బార్ కింద ఉన్నప్పుడు తెలిసొచ్చింది.

రెండు చెవులకూ మధ్య తీగ కూడా లేని ఈ రకం 2016 డిసెంబరులో యాపిల్ ఎయిర్‌పాడ్స్ వచ్చిన తరువాతే ఊరూరికీ చేరింది. ఇప్పుడు పొంగలుకు చుట్టాలిచ్చిన డబ్బులతోనే నాలాంటిది కూడా ఒక జత కొనుక్కోగలుగుతోంది. నాది తొమ్మిది వందల రూపాయలది. కాడలాగా కిందికి దిగే ఆకారం, కొసన రబ్బరు బుడిపె. పెట్టెలో మూడు కొలతల బుడిపెలు ఇస్తారు. మధ్య కొలతది ముందే తగిలించి ఉంటుంది కాబట్టి పది రోజులు దానితోనే తంటాలు పడినాను. తరువాత తెలిసింది, నా ఎడమ చెవికి చిన్నది కావాలి, కుడి చెవికి మధ్యది. ఒకే మనిషికి రెండు చెవులూ ఒకే కొలతలో ఉండవని ఆ సమీక్షల్లో ఒక్కరూ అనలేదు.

బుడిపెలు మార్చినాక తాడాట ఆడి చూసినాను. మొదటి రోజు నలభయ్యో ఎగురుకే ఎడమది ఊడి డంబెల్స్ అడుగుకు దొర్లిపోయింది. సరే, ఎగిరితే ఊడుతుందిలే అనుకున్నా. కానీ కదలకుండా బరువెత్తేటప్పుడు కూడా వదులయ్యేది. ఎందుకా అని అద్దంలో చూసుకుంటే, బరువెత్తేటప్పుడు నేను పళ్లు గట్టిగా బిగిస్తున్నాను. దవడ కదిలితే చెవి రంధ్రం ఆకారమే మారుతుంది. మీరూ చెవిలో వేలు పెట్టుకొని నోరు తెరిచి మూసి చూడండి, తెలుస్తుంది. దానికి తోడు చెమట. బెంచి మీద వెల్లకిలా పడుకుంటే కణతల మీది చెమట నేరుగా చెవిలోకే పోతుంది. నూనె రాసిన గోలీలాగా రబ్బరు జారుతుంది.

ఇక పెట్టె మీద 'ఐపీఎక్స్5' అని పెద్దక్షరాలతో ఉండింది. అది చూసే కొన్నాను. ఐపీ తరువాత మొదటి అంకె దుమ్మును గురించి, రెండోది నీళ్లను గురించి. ఎక్స్ అంటే దుమ్ముకు సంబంధించిన అంకె ఇవ్వలేదని. 4 అంటే అన్ని వైపుల నుంచీ చిమ్మిన నీళ్లకు ఆగుతుంది, 5 అంటే గొట్టంతో ధారగా కొట్టినా ఆగుతుంది, 7 అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా ఆగుతుంది. ఇవన్నీ కొత్త వస్తువు మీద, మంచినీళ్లతో చేసే పరీక్షలు. చెమటలో ఉప్పు ఉంటుంది, అది రోజూ వస్తుంది. ఇంకో సంగతి, ఆ అంకె చెవిలో పెట్టుకునే బడ్స్‌కు. వాటిని పెట్టే డబ్బాకు అది ఉందో లేదో వేరుగా చూసుకోవాలి. నా డబ్బాకు లేదు. ఆ తేడా తెలియక తడి బడ్స్‌ను తడిగానే డబ్బాలో పెట్టి మూసేదాన్ని. మూడు వారాలకు కుడిదానికి ఛార్జింగ్ ఎక్కడం ఆగిపోయింది. డబ్బాలో చూస్తే చిన్న పిన్నులకు ఆకుపచ్చగా చిలుము పట్టింది. అవ్వ చూసి, "ఉప్పు తగిలిన రాగి చెంబు ఇట్లే అవుతుంది, తుడిచి పెట్టాలని తెలీదా?" అనింది. కొన్న దుకాణంలో నీళ్ల వల్ల పాడైతే వారంటీ లేదన్నారు. తప్పు సగం నాదే. కానీ 'వర్కౌట్ కోసం' అని రాసి అమ్మేటప్పుడు తుడిచి పెట్టమని ఆ పెట్టె మీదే ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది?

అదే పెట్టె మీద '40 గంటలు' అని కూడా ఉంది. అది డబ్బాలో నిలవ ఉండే ఛార్జింగును కూడా కలిపిన లెక్క. ఒక్కసారి చెవిలో పెడితే వచ్చేది ఐదారు గంటలు. జిమ్ములో ఉండేది గంట కాబట్టి దీని మీద నాకు కోపం లేదు. మా విరించిపురం మార్గబంధీశ్వరుడి గుళ్లో నీడను బట్టి పొద్దు చూసే రాయి ఒకటి ఉంది. దానికైతే ఛార్జింగే అక్కర్లేదు!

రెండో జత మామది. బెంగళూరు నుంచి సెలవులకు వచ్చినప్పుడు రెండు వారాలు ఇచ్చినాడు. ధర నా జతకు ఏడింతలు. ఇది బయటి మోతను తగ్గించే రకం. లోపలి చిన్న మైకు బయటి శబ్దాన్ని పట్టుకుంటే, దానికి సరిగ్గా ఎదురుగా ఉండే అలను బడ్ పుట్టిస్తుంది, రెండూ కలిసి రద్దవుతాయి. ఫ్యాను, ట్రెడ్‌మిల్ మోటారు లాంటి ఆగని మోత నిజంగానే మాయమైంది. పాట ఎంత బాగుందో చెప్పలేను. నా జతలో వినబడని మృదంగం దెబ్బ దీనిలో వేళ్లతో సహా వినబడింది. సైకిల్ తొక్కేటప్పుడు ఇరవై నిమిషాలు పదిలాగా గడిచిపోయినాయి. బ్రిటన్‌లో కోస్టాస్ కరాగియోర్గిస్ అనే ఆచార్యుడు వ్యాయామానికీ సంగీతానికీ ఉన్న సంబంధాన్ని ఏళ్ల తరబడి పరిశోధించినాడు. తేలిక, మధ్యరకం కసరత్తులో పాట అలసటను మరిపిస్తుందనీ, శ్రమ బాగా ఎక్కువైతే ఆ మరపు తగ్గిపోతుందనీ ఆ పరిశోధనలు చెప్తాయి. నాకూ అట్లే అనిపించింది. సైకిల్ మీద పాట తోడు, ఆఖరి రెండు స్క్వాట్లప్పుడు ఏ పాట నడుస్తోందో కూడా గుర్తుండదు.

మామ జతలో ఒక్క చిరాకు. చెవి రంధ్రం గట్టిగా మూసుకుపోతుంది కాబట్టి పరిగెత్తేటప్పుడు మన అడుగులే లోపల 'ధబ్ ధబ్' అని మోగుతాయి. చెవులు మూసుకొని నడిస్తే వచ్చే శబ్దమే అది. ఇంకోటి, పైన తాకితే పాట మారేటట్లు పెట్టినారు. తడి వేలు తగిలినా, జడ తగిలినా ఏదో ఒకటి జరుగుతుంది. పాట ఆగుతుంది, లేకపోతే ఎవరికో ఫోన్ పోతుంది.

ఆ జత చెవిలో ఉన్నప్పుడే అది జరిగింది. బెంచి ప్రెస్ చేస్తున్నాను. బార్ ఇరవై కిలోలు, అటూ ఇటూ రెండున్నర. ప్లేట్లు జారకుండా పెట్టే క్లిప్పులు పెట్టలేదు, తక్కువ బరువే కదా అని. ఎనిమిదోసారికి ఎడమ చెయ్యి అలిసి బార్ ఒరిగింది. మాస్టర్ పక్క నుంచి "ఆపు, ఆపు, ఒరుగుతోంది" అని రెండుసార్లు అరిచినారంట. నాకు వినబడలేదు. మోత తగ్గించే ఆ విద్య అరుపును పెద్దగా ఆపలేదు నిజానికి. మూసుకుపోయిన చెవి, పైన పెంచిన పాట, రెండూ కలిసి ఆపినాయి. ఎడమ ప్లేటు జారి కింద పడింది, బార్ కుడి వైపుకు తిరగబడింది. అక్క పట్టుకోకపోతే ఏమయ్యేదో. నేల మీద సిమెంటు పెచ్చు లేచింది, అంతే. మాస్టర్ తిట్టలేదు. "చెవులు మూసుకునేదానికి నేనెందుకమ్మా ఇక్కడ?" అన్నారు.

ఆయన మాతృభాష తమిళం. లెక్క పెట్టేటప్పుడు సగం తమిళం, సగం తెలుగు. 'ఒణ్ణు' అంటే తమిళమని తెలుస్తుంది, 'రెండు' దగ్గర ఏ భాషో చెప్పలేం, 'మూడు' అన్నాక అర్థమవుతుంది. ఆ లెక్కలోనే ఆయన "మోచెయ్యి లోపలికి", "ఊపిరి వదులు" అని కలుపుతా ఉంటారు. పాట పెట్టుకున్న రెండు వారాలూ నేను వాటిని పోగొట్టుకున్నాను. వెయిట్‌లిఫ్టింగ్ పోటీల్లో బరువు పైకెత్తి, కదలకుండా నిలబడి, దించమనే సంకేతం వచ్చేదాకా పట్టుకోవాలి. ఆ సంకేతం కంటికీ కనబడుతుంది, చెవికీ వినబడుతుంది. మన వేలూరు సత్తువాచారి సతీష్ శివలింగం 2014లో గ్లాస్గోలో, 2018లో గోల్డ్ కోస్ట్‌లో కామన్వెల్త్ బంగారు పతకాలు గెలిచింది, కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కంచు పతకం గెలిచింది ఆ నియమం కిందనే.

మూడో జత అక్కది. చెవి వెనక కొక్కెంలాగా తగులుకుంటుంది. రంధ్రంలోకి దూరదు, బయటే ఉండి పాడుతుంది. పాట పరంగా మూడింటిలో ఇదే తక్కువ. బేస్ దాదాపు లేదు. జిమ్ములో స్పీకర్ మీద కుత్తు పాట పెడితే దీని గొంతు మునిగిపోతుంది. పెంచుదామంటే భయం. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్ దాకా వినొచ్చు, పిల్లలకైతే అదే 40 గంటలకు 75. ఫోనులో ధ్వనిని 60 శాతం దాటనివ్వకండి అని కూడా ఆ సంస్థ చెప్తుంది. జిమ్ము స్పీకర్‌తో పోటీ పడితే ఎవరికైనా 60 దాటుతుంది. చివరికి మాస్టర్‌ను అడిగి ఆ స్పీకర్‌నే తగ్గించుకున్నాం.

తక్కిన విషయాల్లో ఇదే గెలిచింది. రెండు వందల ఎగుళ్లకు ఊడలేదు. పడుకున్నా చెమట లోపలికి పోలేదు. తాకే పలక కాదు, నొక్కే బొత్తాము ఉంది, తడి వేలితోనూ పనిచేస్తుంది. మాస్టర్ గొంతు పాట మీదుగా స్పష్టంగా వినబడింది. లోపం ఏమంటే, నాకు కళ్లద్దాలున్నాయి. కళ్లద్దాల కాడ, ఈ కొక్కెం, రెండూ ఒకే చోట కూర్చోవాలి. నలభై నిమిషాలకు చెవి వెనక ఎర్రగా కందిపోయింది. కమ్మలున్నవాళ్లకు ఇంకా కష్టం. డబ్బా సబ్బుపెట్టెంత ఉంది, జేబులో పట్టదు.

ఇంటికి నడిచేటప్పుడు మాత్రం మూడింటిలో ఏదీ పెట్టుకోను. మార్గబంధు అంటే దారికి తోడుండేవాడు, మా ఊరి దేవుడి పేరే అది. కానీ చెన్నై–బెంగళూరు హైవే దాటేటప్పుడు చెవుల్లో ఇంకో తోడు అక్కర్లేదు.

నాది పాడైంది, మామ జత మామతో పోయింది, అక్క తనది ఇవ్వనంది. పోయిన శనివారం వేలూరులో ఒక దుకాణానికి పోయి, కొక్కెం రకంలో పల్చటిది ఉందా, డబ్బాకు కూడా నీళ్ల అంకె ఉందా అని అడిగినాను. మొదటిది ఉంది, రెండోది దుకాణం అన్నకు తెలీదు. "పెట్టుకొని ఎగిరి చూడొచ్చా అన్నా?" అంటే నవ్వి, సరే అన్నాడు. పదిసార్లు ఎగిరినాను. ఏడోసారికి ఎడమది ఊడింది. థాంక్స్ చెప్పి వాపసిచ్చి వచ్చేసినాను.