బొమ్మతో వెతికితే పేరు దొరుకుతుందా?

మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఒక పాత ఫోటో దొరికింది. ఐదుగురు ఆడవాళ్ళు. ముగ్గురు కుర్చీల్లో, ఇద్దరు వెనక నిలబడి. వెనక్కి తిప్పితే స్టూడియో ముద్ర ఉంది, ఒక్క పేరూ లేదు. మా అమ్మమ్మని గుర్తుపట్టాను. మిగతా నలుగురూ ఎవరో చెప్పడానికి ఆవిడ లేదు. మాటలతో వెతకాలంటే ముందు మాట తెలియాలి కదా! అందుకే ఆ ఫోటోనే గూగుల్ లెన్స్‌కి చూపించాను.

వచ్చినవి చీరలు. పెద్ద అంచు చీరలు, వాటి ధరలు, అలాంటి చేతుల జాకెట్లు. మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వలేకపోయాను.

బొమ్మల వెతుకులాట పుట్టుకలోనే ఒక గౌను ఉంది. 2000లో గ్రామీ అవార్డుల సభకి జెనిఫర్ లోపెజ్ వేసుకొచ్చిన ఆకుపచ్చ గౌను కోసం జనం విపరీతంగా వెతికారనీ, బొమ్మ చూపించే దారి అప్పట్లో లేకపోవడంతో గూగుల్ ఇమేజెస్ పుట్టిందనీ ఆ సంస్థ ఛైర్మన్‌గా ఉన్న ఎరిక్ ష్మిట్ 2015లో రాశాడు. అది 2001లో వచ్చింది. బొమ్మనే ఇచ్చి వెతికే వీలు టిన్‌ఐలో 2008లో, గూగుల్‌లో 2011లో వచ్చింది. ఆడదాని ఒంటి మీది బట్టతో మొదలైన చూపు, మా అమ్మమ్మ స్నేహితురాళ్ళ దగ్గరకొచ్చినా బట్ట దగ్గరే ఆగిపోయింది.

ఈ యంత్రం బొమ్మని అంకెలుగా మార్చి, తన దగ్గరున్న బొమ్మల అంకెలతో పోల్చి చూస్తుంది. పేరు బొమ్మలో ఉండదు. ఎవరో ఎప్పుడో పక్కన రాసిన మాటల్లోంచి వస్తుంది. 'ఫలానా వారి భార్య'గా మిగిలిపోయిన వాళ్ళ పేర్లు ఎవరు రాశారు గనక?

ముఖాల దగ్గర వివక్ష ఇంకో రకం. ముఖం చూసి ఆడా మగా చెప్పే మూడు సంస్థల సాఫ్ట్‌వేర్లని జాయ్ బులామ్‌విని, టిమ్నిట్ గెబ్రూ 2018లో పరీక్షించారు. తెల్లని మగవాళ్ళ విషయంలో తప్పులు 0.8 శాతం దాటలేదు. నల్లని ఆడవాళ్ళ విషయంలో 34.7 శాతం దాకా వెళ్ళాయి.

అయితే యంత్రం అందర్నీ చక్కగా గుర్తుపడితే నాకు సంతోషమేనా? తన ఫోటోని ఎవరు ఎక్కడ వాడుకున్నారో తెలుసుకోవాలనుకునే అమ్మాయికి ఈ వెతుకులాట అక్కరకొస్తుంది. కానీ రోడ్డు మీద నన్ను ఫోటో తీసిన అపరిచితుడికి నా పేరు దొరకకూడదు. ఆ నలుగురి పేర్లు కావాలి, నా పేరు మాత్రం దాగాలి. ఈ రెండు కోరికలూ ఒకే యంత్రం దగ్గర పొసగవు. పేరు చెప్పే హక్కు ఎవరిదన్నదే అసలు ప్రశ్న.

తెలంగాణా సాయుధ పోరాటంలోని స్త్రీల అనుభవాలతో స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చింది. ఆ స్త్రీల దగ్గరికే వెళ్ళి, కూర్చుని, అడిగి, విన్నారు. నేనూ చివరికి ఫోటో పట్టుకుని చిన్నమ్మమ్మ దగ్గరికి వెళ్ళాను. కళ్ళద్దాలు తుడుచుకుని చాలాసేపు చూసింది. ఒకరి పుట్టింటి పేరూ, ఇంకొకరి ముద్దుపేరూ చెప్పింది. వాళ్ళ గురించి చెబుతూ మధ్యాహ్నమంతా గడిపింది. ఫోటో వెనక పెన్సిలుతో రాసుకున్నాను.

ఇంకా ఇద్దరు మిగిలారు. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటి ఫోటోలుంటాయి. చెప్పగలిగిన వాళ్ళు ఉండగానే అడగండి.