రోబో అంటే వెట్టివాడు

మన యువకులు ఈమధ్య తరచుగా ఒక మాట అడుగుతున్నారు. "తెలివైన యంత్రాలు వచ్చాక ఇక మనుషులతో పనేముంటుంది? మేం చదివి ఏం లాభం?" ఈ భయం కొత్తది కాదు. చెక్ రచయిత కారెల్ చాపెక్ నూరేళ్ల కిందటే దీని మీద 'ఆర్.యు.ఆర్.' అనే నాటకం రాశాడు. అది 1920లో అచ్చయింది. 1921లో ప్రదర్శించారు. దాన్ని మన కళ్లతో చదివి చూద్దాం.

'రోబో' అనే మాట ప్రపంచానికి ఈ నాటకం నుంచే వచ్చింది. ఆ మాట సూచించింది చాపెక్ అన్న యోసెఫ్. చెక్ భాషలో 'రోబోత' అంటే రైతులు భూస్వామికి చేయాల్సిన నిర్బంధ చాకిరీ. మన మాటలో వెట్టి. ఈ సంగతి తెలిశాక ఆ నాటకం మాకు పరాయిదనిపించలేదు. అది రంగమెక్కిన మరుసటి ఏడే, 1922లో, గూడెం కొండలు తిరగబడ్డాయి. అడవి మీద ఆంక్షలతో పాటు, రోడ్డు పనులకు మన్యం వాళ్లను బలవంతంగా తోలి కూలి సరిగా ఇవ్వకపోవడం కూడా అందుకు కారణం.

కథ ఒక దీవిలోని ఫ్యాక్టరీలో జరుగుతుంది. అక్కడి రోబోలు ఇనుప బొమ్మలు కావు, మనిషిలా కనిపించే కృత్రిమ జీవులు. ఇక మనిషి చాకిరీ చేయనక్కర్లేదని డైరెక్టర్ డోమిన్ కలగంటాడు. పని పోయిన మనుషులకు పిల్లలు పుట్టడం మానేస్తారు. చివరికి రోబోలు తిరగబడి అందరినీ చంపి, ఆల్‌క్విస్ట్ ఒక్కడినే వదిలేస్తాయి. కారణం, అతను తమలాగే చేతులతో పని చేస్తాడు.

నాటకంలో బలమైన ఘట్టం ఇదే. మా అభ్యంతరం కూడా ఇక్కడే. డోమిన్ మనిషిని పనితోనే కొలిచాడు. గెలిచిన రోబోలూ అదే కొలత పట్టుకున్నాయి. యజమాని మారాడు, కొలత మారలేదు. ఇంకో లోపం ఉంది. రోబోల వల్ల పని పోయిన కూలీలు తిరగబడ్డారనీ, వాళ్ల మీదికి రోబోలకే ఆయుధాలిచ్చారనీ పాత్రలు మాటల్లో చెప్పి దాటేస్తాయి. ఆ కూలీ ఒక్కడూ వేదిక మీదికి రాడు. మొదట అక్కర్లేనివాళ్లయింది వాళ్లే, కథ మాత్రం యజమానుల గదిలోనే నడుస్తుంది.

వేదిక మీదికి రాని ఆ మనిషి మనకు తెలుసు. పోలవరం ముంపులో ఊళ్లు వదలాల్సి వచ్చిన కోయలను, కొండరెడ్లను అడగండి. వాళ్ల ఊళ్లు అక్కర్లేదని తేల్చింది తెలివైన యంత్రం కాదు, లెక్క వేసిన మనుషులు. అందుకే "యంత్రం మనల్ని అక్కర్లేకుండా చేస్తుందా?" అని అడిగి ఊరుకోవద్దు. "ఆ యంత్రం ఎవరి చేతిలో ఉంది? లెక్క ఎవరు వేస్తున్నారు?" అని కూడా అడగాలి. అలా అడగడానికే చదువు.

మనకు వేరే కొలత ఉంది. కొత్త పంట ముందు పెద్దలకు పెట్టాకే మనం తింటాం. పని చేయలేని ముసలివాళ్లకే కాదు, చనిపోయినవాళ్లకూ మన దగ్గర వాటా ఉంది. నాటకం చివర చాపెక్ కూడా ఈ దరికే చేరాడు. ఇద్దరు రోబోలు ఒకరి కోసం ఒకరు చావడానికి సిద్ధపడతారు. అప్పుడే ఆల్‌క్విస్ట్ వాళ్లలో కొత్త మనుషులను చూస్తాడు. వాళ్ల పనిని చూసి కాదు, తెలివిని చూసీ కాదు.

టీచర్లకు మా మనవి ఒక్కటే. ఈ నాటకాన్ని మీ బడిలో ఆడించండి. చాపెక్ వదిలేసిన ఆ కూలీ పాత్రను పిల్లలతోనే, వాళ్ల ఇంటి భాషలో రాయించండి.