పోలీస్ యాక్షన్‌లో పోయిన మనిషి జాడ

జహీరాబాద్, సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా ఇవాళ కెమికల్ ట్యాంకర్లు, కంపెనీ బస్సులు తిరిగే రహదారి మీదే 1948 సెప్టెంబర్‌లో సైన్యం వచ్చింది. 13వ తేదీన షోలాపూర్ వైపు నుంచి మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఆధ్వర్యంలో భారత సేన నిజాం రాజ్యంలోకి అడుగుపెట్టింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. 18న ఆయన సేనాని ఎల్ ఎద్రూస్ లొంగిపోయాడు. బడి పుస్తకంలో పోలీస్ యాక్షన్ కథ అక్కడితో సరి. ఊళ్లలో చావులు మాత్రం ఆ అయిదు రోజులకు ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. అందుకే ఈ సంగారెడ్డి జిల్లాలో హిందువుల ఇళ్లలోనూ ముస్లింల ఇళ్లలోనూ 'మా తాతను గడబిడల చంపిండ్రు' అన్న ఒక్క వాక్యం మూడు తరాలుగా మిగిలిపోయింది. ఎవరు, ఎప్పుడు, ఎందుకు అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు. అలాగని ఆ కథను కొట్టిపారేయడం తొందరపాటు, ఉన్నదున్నట్టు నమ్మేయడమూ అంతే. దాన్ని ముక్కలుగా విడదీసి ఒక్కో ముక్కను వేరువేరుగా తూచాలి. చోటు, కాలం, చంపినవాడు, కారణం - జ్ఞాపకంలో ఈ నాలుగింటికీ ఒకే గట్టితనం ఉండదు. చోటు చాలాకాలం నిలుస్తుంది. కాలం జారిపోతుంది. చంపినవాడి గుర్తింపు, చెప్పేవాళ్ల అవసరాన్ని బట్టి మారుతూ పోతుంది.

ముందు కాలం తేల్చాలి, మిగతా ప్రశ్నలు దాని మీదే నిలబడతాయి. పెద్దవాళ్లు తేదీ చెప్పరు. పండుగ చెబుతారు, పంట చెబుతారు, ఆ రాత్రి వెన్నెల ఉందో లేదో చెబుతారు. 1948లో వినాయక చవితి సెప్టెంబర్ 7 ప్రాంతంలో వచ్చింది. సైన్యం నడిచిన రోజులన్నీ భాద్రపద శుద్ధంలోవే, లొంగుబాటు నాడు పున్నమి. బతుకమ్మ ఎత్తే అమావాస్య అక్టోబర్ 2న పడింది. దసరా, బక్రీద్ అక్టోబర్ రెండో వారంలో పక్కపక్కనే వచ్చాయి. పీర్ల పండుగ నవంబర్ 12 ప్రాంతంలో. ఒక ఇంట్లో 'చిమ్మచీకట్ల వచ్చిండ్రు, బతుకమ్మ ఇంకా ఎత్తలే' అన్న మాట మిగిలిందనుకుందాం. అది సెప్టెంబర్ చివరి వారమై ఉండాలి. సైన్యం హైదరాబాద్ చేరి అప్పటికే వారం దాటింది. కాబట్టి అది రెండు సైన్యాల నడుమ చిక్కుకుని పోయిన ప్రాణం కాదు, ఆ తర్వాత సాగిన హింసలో పోయిన ప్రాణం. అదే ఇంట్లో 'చవితికి ముందే' అంటే నిజాం పక్షాన సాయుధంగా తిరిగిన రజాకార్ల దాడుల కాలం. దొరికిన కాగితాల మీద ఫస్లీ సంవత్సరం ఉంటే ఇంకా మేలు. నిజాం ఫస్లీ ఆజర్ నెలతో, అక్టోబర్ మొదట్లో మొదలయ్యేది కనుక పోలీస్ యాక్షన్ 1357 ఫస్లీ చివర పడుతుంది, ఆ దసరా నాటికి 1358 వచ్చేసింది.

కాలం తేలితే చంపినవాడి ప్రశ్న దగ్గరికి వెళ్లొచ్చు. ఇక్కడే ఎక్కువ జాగ్రత్త కావాలి, ఎందుకంటే జ్ఞాపకం మతాన్ని బట్టి హంతకుణ్ణి ముందే ఎంచుకుని ఉంటుంది. 1948 ఆగస్టులో హైదరాబాద్‌లో రజాకార్లు నరికి చంపిన 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ముస్లిం. అంకెలతోనూ జాగ్రత్త కావాలి. నేటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లిలో ఆగస్టు 27న జరిగిన ఊచకోతను అంతమంది కళ్లారా చూశారు. అయినా చనిపోయినవారి సంఖ్య ఒక లెక్కలో వందకు లోపు, మరో లెక్కలో వందకు పైన. ఘటన మీద అనుమానం లేదు, అంకె మీద ఉంది. ఈ రెండూ వేరని గుర్తుంచుకుంటే సగం గొడవలు తగ్గుతాయి. సైన్యం వచ్చాక జరిగినదానికి ప్రధాన ఆధారం పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం నివేదిక. 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 వరకు వాళ్లు 16 జిల్లాల్లో 9 తిరిగారు. రాజ్యమంతటా తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని అంచనా వేశారు. ఆ అంచనాలో ఔరంగాబాద్, బీడ్, నల్లగొండలతో పాటు మెదక్ జిల్లా కూడా ఉంది. ఈ నాలుగింటిలో కలిపి కనీసం 5 వేలు అన్నారు. ఆనాటి మెదక్ జిల్లాకు కేంద్రం సంగారెడ్డే. నివేదికను సర్దార్ పటేల్ ఒప్పుకోలేదు, అది 2013 దాకా జనం చేతికి సరిగా అందలేదు. అంచనా మీద వాదనలుండొచ్చు. కానీ ఈ నేల మీద చావులు జరిగాయని, కొన్నిచోట్ల పొరుగువాళ్లే పొరుగువాళ్లను దాచి కాపాడారని కూడా ఆ నివేదికే చెబుతుంది. మీ ఇంటి కథలో కాపాడినవాళ్లు ఉంటే వాళ్ల పేర్లు ముందు రాసుకోండి. చంపినవాళ్ల పేర్ల కంటే అవి తక్కువగా మారతాయి.

చోటు నిలుస్తుందన్నాను. పటాన్‌చెరు పట్టీలో ఆ మాటకే దెబ్బ తగిలింది. రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్, 1972లో ఇక్రిశాట్, 80లలో ఎద్దుమైలారం ఆయుధ కర్మాగారం, పాశమైలారం, బొల్లారం పారిశ్రామికవాడలు, మంజీర మీద సింగూరు జలాశయం - ఒక్కో దానితో కొన్ని ఊళ్లు, కుంటలు, బావులు పోయాయి. 'చింతచెట్టు కాడి మోటబావి' అన్న గుర్తు ఇప్పుడు ఏ షెడ్డు కింద ఉందో! మనవడు అదే షెడ్డులో షిఫ్టు చేస్తూ ఉండొచ్చు. ఇక్కడ ఆదుకునేది సర్వే నంబరు. చెట్టు పోయినా నంబరు పోదు. గ్రామ నక్షా, టిప్పన్, ఉర్దూలో ఉన్న సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ వంటి భూమి రికార్డులు వరసగా పెట్టి చూస్తే బావి ఏ నంబరులో ఉందో, ఆ పట్టా ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకు మారిందో తెలుస్తుంది. భర్త బతికున్న ఇంట్లో భార్య పేరిట విరాసత్ (వారసత్వ మార్పు) కాదు, కాబట్టి ఆ నమోదు నాటికి మనిషి పోయినట్టే. పోలీస్ యాక్షన్‌కు ముందు ఒకరి పేరున ఉండి, ఖాస్రాలో సంబంధం లేని మరొకరి పేరు కనిపిస్తే, అమ్మకమా, ఆక్రమణా అని అడగాలి. కారణం తరచూ అక్కడే దొరుకుతుంది. మతం పేరుతో గుర్తున్న హత్యకు పొలం గట్టు తగాదా మూలమై ఉండొచ్చు. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉర్దూ, ఫారసీ దస్త్రాలున్నాయి, చదివిపెట్టే మనిషి మాత్రం తోడు కావాలి.

ఇదంతా పుక్కిటి మాటల మీద కట్టిన గూడు అనే ఆక్షేపణ ఉంది. దానికి జవాబుగా ఇటలీలోని తెర్ని అనే ఉక్కు పట్టణం కథ చెప్పుకోవచ్చు. అక్కడ 1949లో నాటో వ్యతిరేక ఊరేగింపులో లూయిజీ త్రస్తుల్లి అనే కార్మికుణ్ణి పోలీసులు కాల్చి చంపారు. చాలామంది కార్మికులు మాత్రం ఆ చావును 1953లో ఉద్యోగాలు తీసేసినప్పటి పోరాటంలో జరిగినట్టే చెప్పారు. చరిత్రకారుడు అలెస్సాంద్రో పోర్తెల్లి ఆ తప్పును చెరిపేయలేదు. తమకు నిజంగా తగిలిన దెబ్బ దగ్గరికి వాళ్లు ఆ చావును జరిపారని చూపించాడు. రికార్డు ఉండబట్టే తప్పు తెలిసింది, తప్పు ఉండబట్టే పట్టణం మనసు తెలిసింది. తెలుగులో స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'తో చూపించిందీ, మన కవి అఫ్సర్ పోలీస్ యాక్షన్ మీద ఇటీవల ఇంటింటి జ్ఞాపకాలతో చేసిన పరిశోధనలో ఉన్నదీ ఈ ఓపికే. పాత గాయాలు కెలకడమెందుకన్నది రెండో ఆక్షేపణ. గాయం మానిందన్న నమ్మకం ఉన్నవాళ్లు దాని గురించి ఏటా సెప్టెంబర్ 17న ఇంత గట్టిగా అరవరు. వివరం లేని చావును ఎవరైనా తమ జెండా కిందికి లాక్కోవచ్చు. చోటు, నెల, గట్టు తగాదా తెలిసిన చావును లాక్కోవడం కష్టం.

ఈ పద్ధతికి అసలు లోటు వేరే ఉంది. పహాణీ పట్టా ఉన్నవాడిని గుర్తుంచుకుంటుంది. పాలేరుకు పట్టా లేదు, కౌలుదారు పేరు రాయాల్సిన గడిలో తరచూ రాయలేదు, బావిలో దూకిన ఆడవాళ్ల పేరు ఏ గడిలోనూ లేదు. వీళ్ల విషయంలో కాగితం మౌనంగా ఉందంటే ఏమీ జరగలేదని కాదు. అప్పుడు అడగాల్సింది చనిపోయినవాళ్ల ఇంటినే కాదు, వాడకట్టులో ఎదురింటిని, పని చేయించుకున్న పటేల్ ఇంటిని, పారిపోయి బీదర్‌లోనో హైదరాబాద్ పాతబస్తీలోనో స్థిరపడ్డ చుట్టాలను. ఒకరికొకరు వినని రెండు ఇళ్లు ఒకే బావిని, ఒకే అమావాస్యను చెబితే ఆ ముక్కను నమ్మొచ్చు. 1948లో పదేళ్లున్న పిల్లకు ఇప్పుడు తొంభైకి దగ్గర, కాబట్టి ఆర్కైవ్స్ కంటే ముందు వెళ్లాల్సింది ఆమె దగ్గరికి.