వత్తుల బోధన: లిపి క్రమం, నుడి క్రమం – కొల్లేటి సీమ పదాల ఆధారంగా ఒక పరిశీలన

తెలుగు వాచకాలు చదువు నేర్పే క్రమం చాలాకాలంగా స్థూలంగా ఒక్కటే: అక్షరమాల, గుణింతాలు, ద్విత్వాలు, సంయుక్తాలు, చివర సంశ్లేషాలు. ఇది లిపిని అనుసరించిన క్రమమే తప్ప పిల్లల నోట ఉన్న నుడిని అనుసరించినది కాదు. గుణింతాలు దాటిన పిల్లలు వత్తుల దగ్గర తడబడితే, ఆ లోపాన్ని వారి గ్రహణశక్తికి అంటగట్టడం పరిపాటి. ఈ తీర్పు ఎంతవరకు న్యాయమో కొల్లేటి సీమ పలుకుబడి ఆధారంగా పరిశీలించవచ్చు.

ఏలూరు అనే పేరును గుణింతాలతోనే చదవవచ్చు. ఊరి పక్కన పారే తమ్మిలేరు, అది చేరే కొల్లేరు, కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు, తూర్పున ఉన్న తాడేపల్లిగూడెం – వీటిలో ఏదీ ద్విత్వం లేనిదే రాయలేము. వలలో పడే కొర్రమీను, జెల్ల, మట్టగిడస, రొయ్య. తాడేపల్లిగూడెం మార్కెట్టులోని ఉల్లి. ఇంట్లోని అమ్మ, అక్క, తమ్ముడు కూడా ఇదే కోవలోనివి. దేశ్య పదాలలో హల్లుల కూడిక అధికభాగం ద్విత్వరూపంలోనే ఉంటుంది. గుడికీ గుడ్డికీ, అటుకూ అట్టుకూ ఉన్న భేదాన్ని పిల్లలు బడికి రాకముందే చెవితో గుర్తిస్తారు. కనుక ద్విత్వం వారికి కొత్త ధ్వని కాదు. కొత్త గుర్తు మాత్రమే. త, న, మ, య, ర, ల వంటి అక్షరాలకు వత్తు రూపం మూలాక్షరాన్ని పోలి ఉండదు గనుక వాటికి ప్రత్యేక సాధన అవసరం.

సంయుక్తం సంగతి వేరు. అక్కడ కంటి వరుస, నోటి వరుస విడిపోతాయి. ‘వస్తే’ అనే మాటలో ఏత్వం సకారం మీద కనిపిస్తుంది. తకారం తరువాత పలుకుతుంది. ‘తమ్మి’లోనూ గుడి పైనున్న మకారానికే ఉన్నా, రెండూ ఒకే హల్లు కావడం వల్ల ఆ తేడా బయటపడదు. ‘వస్తే’ను ‘వసేత’ అని చదివితే, అది గుణింతంలో నేర్చిన నియమాన్ని యథాతథంగా పాటించడమే. దానిని అజ్ఞానంగా కాక, నియమబద్ధమైన పొరపాటుగా గుర్తించాలి. పూర్వం వలపలగిలకలోనూ ఇటువంటి చిక్కే ఉండేది: రేఫను హల్లు తరువాత రాసి, ముందు పలికేవారు. అది వాడుక తప్పడంతో ఆ చిక్కు తొలగింది. గుణింతపు గుర్తు చిక్కు మిగిలింది.

వాచక క్రమంలో మరొక అసంగతి ఉన్నది. గ్రాంథికంలోని ‘చేసెదరు’ సంయుక్తం లేని రూపం. గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) ప్రభృతుల కృషి ఫలించి పాఠ్యభాష వ్యావహారికమైన తరువాత ‘చేస్తారు’, ‘వెళ్తాడు’, ‘చూస్తాం’ వంటి క్రియలు తొలి వాక్యాలలోనే అవసరమయ్యాయి. భాష మారినా అక్షరాల వరుస మారలేదు. సంయుక్తాలను చివరకు నెట్టిన వాచకం అంతదాకా పదపట్టికలతోనో కృతక వాక్యాలతోనో సరిపెట్టుకోవలసి వస్తుంది. పైగా ఉదాహరణలకు శాస్త్రం, వృక్షం వంటి తత్సమాలను ఎంచుకుంటే కొత్త గుర్తు, కొత్త మాట ఒకేసారి మీదపడతాయి.

కొల్లేటికోటలో వెలసిన పెద్దింట్లమ్మ పేరు ఇక్కడ గమనార్హం. అందులోని ‘ఇంట్ల’లో ణకార, టకార, లకారాలు వరుసగా పలుకుతాయి, ణకారం సున్నగా రాయడం వల్ల లిపిలో అది సంశ్లేషంగా లెక్కకు రాదు. మూడు హల్లుల ఆ కూడికను జాతరకు వెళ్లే లంక గ్రామాల పిల్లలు అలవోకగా పలుకుతారు. వత్తుల కష్టం పలకడంలో లేదు, పలుకును గుర్తుతో ముడివేయడంలో ఉన్నదని దీనివల్ల స్పష్టమవుతున్నది.

రాష్ట్రమంతటికీ ఒకే వాచకమైనప్పుడు జెల్ల, కొర్రమీను అందరికీ తెలియవన్న ఆక్షేపణ సమంజసమే. తత్సమాలు లేకుండా పై చదువు సాగదన్నదీ నిజమే. అయితే ఇక్కడి సమస్య పదాలను తొలగించడం కాదు, వాటి వరుసను మార్చడం. ముందు నోట నానిన ద్విత్వాలు, తరువాత ‘వస్తే, చూస్తే’ వంటి క్రియలు, ఆ పైన తత్సమాలు రావాలి. ద్విత్వాల పాఠంలో స్థానిక పదాలకు కొన్ని ఖాళీ వరుసలు ఉంచితే ఉపాధ్యాయులు వాటిని నింపుకోగలరు. తమ ఊరి ఏటి పేరును తొలి పుటలలోనే చదవగలిగిన పిల్లలకు వత్తు అడ్డంకి కాదు. తాము రోజూ పలికే మాటకు రాత రూపం అవుతుంది.