నేల కరిగితే నిలిచిన గుట్టలు

తెల్లవారుజామున నాంపల్లి గుట్టెక్కి పడమటికి తిరిగి నిలబడండి. సూర్యుడి వైపు చూడకండి. సూర్యుడు మొదట దేన్ని చూస్తాడో దాన్ని చూడండి. కింద వేములవాడ ఇంకా మసక చీకట్లోనే ఉంటుంది. రాజన్న గుడి గోపురం కూడా ఇంకా రంగు తెచ్చుకోదు. కానీ అల్లంత దూరాన, సిరిసిల్ల వైపూ రుద్రంగి వైపూ వరుస తీరిన గుట్టల నెత్తిన ఒక వెలుగు వాలుతుంది. ముందు బూడిద వన్నె, దాని మీద లేత ఊదా, ఊదాలోంచి గులాబీ, గులాబీలోంచి ఎరుపు. రాయికి ఇన్ని రంగులా! ఒక్కొక్క బండ తన వంతు వచ్చేదాకా ఓపిక పట్టి, వచ్చాక ఒక్కసారిగా వెలిగి, మళ్లీ మెల్లగా తన మామూలు మట్టిరంగులోకి దిగుతుంది. పావుగంటలో అంతా అయిపోతుంది. ఆ పావుగంట కోసం ఎంత దూరం నుంచైనా రావచ్చు.

నదీలోయ అనగానే మనవాళ్ల మనసు పాపికొండల మీదికి పోతుంది. నిటారు కొండలు, ఇరుకు నీళ్లు, గుండె ఝల్లుమనిపించే మలుపులు. మానేరు లోయ ఆ జాతి కాదు. ఇది విచ్చుకున్న లోయ. ఒక గట్టు నుంచి ఇంకో గట్టు కనపడీ కనపడనంత వెడల్పు. నడుమ వరి మళ్లు, మక్క చేన్లు, తాటి వరుసలు, చెరువు కట్టలు. ఈ నేల ఒంపులను 1908 నాటి ఇంపీరియల్ గెజిటీర్ నాలుగు మాటల్లో పట్టుకుంది: గుర్రపల్లి నుంచి జగిత్యాల దాకా ఈశాన్యంగా సాగే ఒక వరుస, దానికి సమాంతరంగా మొలంగూరు దాకా పోయే రెండో వరుస, ఆ రెండింటి నడుమకు నైరుతి మూల నుంచి వచ్చి మానేటి లోయను అడ్డంగా దాటి రామగిరి వైపు సాగే మూడో వరుస. కొలత కోసం రాసిన వాక్యాలవి. కానీ పటం పక్కన పెట్టి గుట్ట మీద నిలబడి చదువుకుంటే అందులో ఒక లయ వినిపిస్తుంది. రెండు వరుసలు శ్రుతి పట్టి ఉంటే మూడోది వాటి నడుమ రాగం తీసుకుంటూ వచ్చినట్టుంటుంది. వీటన్నిటి కింద, ఎవరినీ ఒరుసుకోకుండా, ఎవరికీ అడ్డు చెప్పకుండా, పడమటి నుంచి తూర్పుకు మానేరు!

ఈ అందం మర్మం ఒకటుంది. అది తెలిశాక ఈ గుట్టల్ని మునుపటిలా చూడలేం. హిమాలయాలు లేచిన కొండలు. 5 కోట్ల ఏళ్ల కింద మొదలైన ఆ లేవడం ఇంకా ఆగలేదు. మన గుట్టలు లేచినవి కావు, మిగిలినవి. దాదాపు 250 కోట్ల ఏళ్ల కింద, భూమి లోపల కిలోమీటర్ల లోతున, కరిగిన శిల మెల్లమెల్లగా చల్లబడి గడ్డకట్టింది. ఆకాశం ఎరుగని రాయి అది. దాని మీద ఉన్న నేలంతా యుగాల వానకూ ఎండకూ గాలికీ అరిగి, కరిగి, కొట్టుకుపోయింది. పగుళ్లు ఎక్కువున్న చోట రాయి ఓడిపోయి పల్లమైంది. పగుళ్లు తక్కువున్న చోట నిలబడి గుట్టయింది. కరీంనగర్ పరిసరాల్లో పదిహేను కిలోమీటర్లకు పైగా లోతున కాగి ఒత్తిడికి నలిగిన శిలలు కూడా ఈనాడు పొలాల గట్ల మీద ఎండ కాచుకుంటున్నాయి. అంటే మనం ఈ లోయలో నడుస్తున్నామంటే ఒకప్పటి భూగర్భంలో నడుస్తున్నాం. పాతాళానికి పగలు వచ్చిన చోటు ఇది! కొండగట్టు మెట్ల మీద, పరుపుబండ మీద అరచెయ్యి ఆనించిన ప్రతిసారీ నాకు ఒళ్లు జలదరించేది ఇందుకే. ఆ చల్లదనం కింద ఎంత వేడి జ్ఞాపకం ఉందో!

దగ్గరికి రండి. రోడ్డు వెడల్పు చేసినప్పుడు పగిలిన ఒక రాతి ముక్క చేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పి చూడండి. మొదట కనపడేది గులాబీ, గోధుమ రంగుల ఫెల్డ్‌స్పార్ పలకలు, కొన్ని బొటనవేలి గోరంతవి. అంత పెద్ద స్ఫటికం పెరగాలంటే శిల ఎంత నిదానంగా చల్లారి ఉండాలి! తొందరపడిన రాయిలో అంత పెద్ద పలక ఉండదు. పలకల నడుమ తడి కన్నులా మెరిసేది పలుగురాయి. అక్కడక్కడా నల్లగా పొరలు పొరలుగా తళుక్కుమనేది కాకిబంగారం. వేలి గోరుతో గీరితే రేకులుగా లేస్తుంది. గోధుమ పలకలు నల్లని నేపథ్యంలో తేలే ఈ ప్రాంతపు రాయికే బజారులో టాన్ బ్రౌన్ అని పేరు. కరీంనగర్ గ్రానైటుగా సముద్రాలు దాటి ఎక్కడెక్కడి ఇళ్లలోనో నేలగా, వంటగట్టుగా పరుచుకుంది. నునుపు పెట్టిన ఆ పలక అందంగా ఉండదని నేననను. కానీ దానికి ఉదయం లేదు, సాయంత్రం లేదు, వాన లేదు. గుట్టను మెట్లు మెట్లుగా కోసిన చోట నిలబడి చూస్తే లోపలి రంగులకు కన్ను మురుస్తుంది, ఖాళీ అయిన ఆకాశరేఖకు మనసు విరుగుతుంది. ఒక గుట్ట పోతే దాని చోట మరో గుట్ట పుట్టదు. ఈ మాట మెల్లగా చెప్పడం నాకు చేతకాదు.

ఇక ఆ బండల నిలకడ చూడండి. ఒకదాని మీద ఒకటి, దాని మీద ఇంకొకటి, నెత్తిన గుండ్రని గుండు. ఇప్పుడు పడుతుందా అప్పుడు పడుతుందా అనిపించే ఆ గుండు మన తాతల కాలం నుంచీ అక్కడే ఉంది! ఎండకు ఉబ్బి, రాత్రి చలికి ముడుచుకుని, రాయి ఉల్లిగడ్డలా పొరలు పొరలుగా ఊడుతుంది. మూలలు ముందు పోతాయి, గుండ్రదనం మిగులుతుంది. బండ మీద వాననీటి జాడలు నల్లని చారలుగా పైనుంచి కిందికి దిగుతాయి. కొన్ని గుట్టల మీద దొనలుంటాయి, వాన కురిసిన నెలల తరవాత కూడా ఆకాశాన్ని దాచుకుని. అక్కడక్కడా ఎర్రని గ్రానైటును చీల్చుకుంటూ నల్లని డోలరైటు గోడ ఒకటి మైళ్ల పొడవున పోతుంది. పాత శిల పగులులోకి ఎగదన్నిన కొత్త శిల అది. దూరం నుంచి చూస్తే ఎవరో చక్రవర్తి కట్టించి మరిచిపోయిన కోటగోడ అనుకుంటాం. కొండగట్టు కథలో జనం చెప్పేది కూడా రాతి కథే: ఆంజనేయుడు సంజీవని పర్వతాన్ని మోసుకుపోతుంటే ముత్యంపేట దగ్గర ఒక తునక జారిపడి ఈ గుట్టయిందట. శాస్త్రం కిందినుంచి వచ్చిందంటుంది, భక్తి పైనుంచి పడిందంటుంది. బొజ్జపోతన గుహ నీడలో కూర్చుని ఆలోచిస్తే రెండూ ఒకే ఆశ్చర్యాన్ని చెబుతున్నాయనిపిస్తుంది.

నీళ్ల దారి పట్టుకోవాలంటే కోరుట్ల నుంచి కథలాపూర్, రుద్రంగి, చందుర్తి మీదుగా వేములవాడకు పోయే రోడ్డెక్కాలి. రుద్రంగి గుట్టలకు ఉత్తరాన కురిసిన చినుకు గోదావరి చినుకు. దక్షిణాన కురిసినది మూలవాగు పట్టి మానేరులో కలిసే చినుకు. ఒకే మబ్బు, రెండు ప్రయాణాలు! విచిత్రమేమంటే అవి మళ్లీ కలుస్తాయి. సిరిసిల్ల ఇసుక ఒరుసుకుంటూ, ఎల్గందల్ కోట పాదాల పక్కగా, మంథని ప్రాంతం దాటి మానేరు కూడా చివరికి గోదావరికే చేరుతుంది. విడిపోయిన అక్కచెల్లెళ్లు అత్తింటి తొవ్వలో ఎదురుపడ్డట్టు కాదు, ఒకే తల్లి ఇంటికి తిరిగొచ్చినట్టు.

మానేరు ఇసుకను గుప్పిట పట్టి వదలండి. కొంచెం గరుకు, కొంచెం బంగారు ఛాయ. వేళ్ల సందుల్లోంచి జారుతున్నది గుట్టలే. ఫెల్డ్‌స్పార్ కుళ్లి చెల్క నేల మట్టయి చేన్లలో ఆగిపోయింది, గట్టి పలుగురాయి గింజలై వాగు పట్టింది. ఎండాకాలంలో మానేరు పైకి ఎండిపోయినట్టు కనపడుతుంది, కానీ ఎండదు. ఇసుకలో మూరెడు లోతు చెలిమె తీస్తే ముందు తడి, తరవాత మసక నీరు, కాసేపటికి అద్దంలా తేరిన ఊట. ఆ తేట నీళ్లు దోసిట పట్టి తాగిన తరానికి రుచి అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. రాయి ఇసుకై, ఇసుక జల్లెడై, జల్లెడ అమృతమయ్యింది!

ఉత్తరాన గోదావరిది మరో ఠీవి. ధర్మపురి దగ్గర ఆమె దక్షిణవాహిని అని చెప్పుకుంటారు. నరసింహస్వామి గుడి నుంచి రేవులోకి దిగితే ఆ వెడల్పు ముందు మాట రాదు. ఇంకా కిందికి, పెద్దవాగు గోదావరిలో కలిసే కోటిలింగాలలో, శాతవాహన సిముకుడి నాణేలు, అంతకు ముందటి గోబద, సమగోపుల నాణేలు మట్టిలోంచి బయటపడ్డాయి. రెండు నీళ్లు కలిసే మెట్టను రాజ్యాలు ఎంత తొందరగా గుర్తుపడతాయో!

నా మనసు మాత్రం మళ్లీ రాతి దగ్గరికే పోతుంది, గంగాధర మండలం కురిక్యాల పక్కనున్న బొమ్మలమ్మ గుట్టకు. 945 ప్రాంతంలో పంపకవి తమ్ముడు జినవల్లభుడు ఈ గుట్ట బండ మీద జినబింబాలు, చక్రేశ్వరి మూర్తి చెక్కించి, కింద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. తెలుగు భాగం మూడు కందపద్యాలు. నన్నయ భారతానికి వందేళ్ల ముందే తెలుగు కందం గ్రానైటు మీద నిలబడి ఉందన్నమాట! అక్షరాల గాడిలో వేలు పెట్టి చూడండి. ఉలి ఆగిన చోటు, మళ్లీ కదిలిన చోటు వేలికి తెలుస్తాయి. ఈ రాయి మెత్తనిది కాదు, ఒక్కో గీతకు ఎన్ని దెబ్బలు పడ్డాయో. అదే శాసనం జినవల్లభుడు కట్టించిన బసదిని, తవ్వించిన కవితాగుణార్ణవ తటాకాన్ని, వేయించిన మదనవిలాసమనే తోటనూ చెబుతుంది. అన్న బిరుదును చెరువుకు పెట్టిన తమ్ముడు! గుడి, నీరు, చెట్టు, పద్యం నాలుగూ ఒకే గుట్ట నీడన కూర్చాలన్న ఊహ ఈ నేలను లోతుగా ప్రేమించినవాడికే వస్తుంది.

ఈ శిలలోనే ఇనుమూ ఉంది. అయస్కాంతానికి అంటుకునే నల్లని రేణువులు రాతిలో చెదిరి ఉంటాయి. వాన వెలిశాక వాగు ఇసుక మీద సన్నని నల్లని అంచులుగా తేలి కనపడేవి అవే. ఈ ఇనుప సంపద అండతోనే కోరుట్లకు పడమట కోనసముద్రం కమ్మర్లు మట్టి మూసల్లో ఉక్కు వండారు. డమాస్కస్ కత్తుల మీద నీటి అలల్లా కదిలే ఆ గీతలు ఇలాంటి ఉక్కులోంచి పుట్టినవే. దానికోసం పర్షియా వర్తకులు ఇంత దూరం వచ్చేవారు. భూమిని కొలిచిన లాంబ్టన్ సర్వే వెంట దక్కన్ తిరిగిన భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ ఆ కొలిమిని కళ్లారా చూసి రాసిపెట్టాడు. 1824లో ఆయన పోయాక, 1832లో అది బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. రాతిలో నిద్రపోయిన రేణువు ఇస్ఫహాన్ వీరుడి నడుముకు మెరుపై వేలాడటం, ఎంత ప్రయాణం!

ఇప్పుడు ఈ లోయలో కొత్త అందం ఒకటి వచ్చింది. అది నొప్పితో వచ్చింది. మాన్వాడ దగ్గర మధ్యమానేరు కట్ట వెనక 25 టీఎంసీలకు పైగా నీళ్లు నిలిచాయి. కొదురుపాక, సంకెపల్లి, రుద్రవరం, నీలోజిపల్లి వంటి ఊళ్లు ఆ నీటి కిందికి పోయాయి. ఆ ఊళ్ల వాళ్ల ముందు ఈ జలాశయం అందం గురించి మాట్లాడేటప్పుడు గొంతు తగ్గించాలి. కానీ కళ్లు మూసుకోలేను. వరదవెల్లి దత్తాత్రేయస్వామి గుట్టను చూడండి. చుట్టూ పొలాలున్ననాడు అది ఊరి గుట్టల్లో ఒకటి. నీళ్లు చుట్టుముట్టాక ద్వీపమైంది; ఇప్పుడు పడవెక్కి పోవాలి. మునుపు నేల దిగిపోతే నిలిచింది, నేడు నీరు పెరిగితే నిలిచింది. నిలవడమే దాని పని!

రావాలనుకుంటే ఆశ్వయుజంలో రండి. తంగేడు, గునుగు గుట్టల అంచులను పసుపూ తెలుపూ చేస్తాయి, బతుకమ్మల కోసం పిల్లలు పూలు తెంపుతుంటారు, వాగులింకా పారుతుంటాయి. లేదా ఫాల్గుణంలో, ఆకు రాల్చిన అడవిలో మోదుగ ఎర్రగా మండేటప్పుడు. అప్పుడు రాయి అసలు రూపం చెట్ల చాటు లేకుండా కనపడుతుంది. వైశాఖంలో వద్దు, పగలు బండ మీద కాలు పెట్టలేరు. అయినా వస్తే సాయంత్రం వరకు ఆగి, పొద్దు గుంకాక బండ మీద పడుకోండి. పగలంతా తాగిన వేడిని అది మీ వీపుకు ఇస్తుంది. కాళ్లకు జారని చెప్పులుండాలి, వెంట నీళ్లుండాలి. ఏ గుట్ట మీద దొన ఉందో, ఏ దారి మెత్తనో గొర్లు కాసేవాళ్లనడగండి. వాళ్లకు తెలిసినంత ఏ పటానికీ తెలియదు.