సూరి భగవంతం పాఠ్యగ్రంథ దృష్టి - బోధనాభాష: ఒక పరిశీలన

సూరి భగవంతం (1909–1989) జీవితాన్ని పదవుల వరుసగా చెప్పడం పరిపాటి. సి.వి. రామన్ శిష్యుడు, 1952 నుంచి 1957 వరకు ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడు, 1962 వరకు బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకుడు, రక్షణమంత్రికి వైజ్ఞానిక సలహాదారు. ఈ వరుసలో మరుగునపడేది ఆయన అధ్యాపకత్వం. దానికి బలమైన సాక్ష్యం ఆయన పాఠ్యగ్రంథ రచన.

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా గణితజ్ఞుడు టి. వెంకటరాయుడితో కలిసి భగవంతం సమూహ సిద్ధాంతాన్ని స్ఫటికాల రామన్ వర్ణపటానికి అన్వయించారు. 1939లో పరిశోధనపత్రంగా వెలువడిన ఆ పద్ధతి 1948లో వాల్తేరు నుంచి గ్రంథరూపం పొందింది. తొమ్మిదేళ్లలో ఒక పరిశోధన ఫలితం తరగతిగది పాఠమైంది.

ఆ పద్ధతికి కార్బన్ డయాక్సైడ్ సులభమైన ఉదాహరణ. మూడు పరమాణువులకు మొత్తం 9 స్వతంత్ర చలనాలు. అణువు స్థానం మారే 3, సరళరేఖాకృతి వల్ల భ్రమణాలు 2 తీసివేస్తే మిగిలేవి 4 కంపనాలు. అణువుకు సౌష్ఠవ కేంద్రం ఉన్నందున రామన్ వర్ణపటంలో కనిపించే కంపనం పరారుణంలో కనిపించదు; పరారుణంలో కనిపించేది రామన్‌లో కనిపించదు. సుదీర్ఘ గణనకు ముందే ఆకృతిని చూసి ఫలితాన్ని ఊహించడం విద్యార్థికి అలవడుతుంది.

అయితే ఈ గ్రంథం ఇంగ్లీషులో ఉంది. నల్లకుంటకు చేరువలోని ఉస్మానియా 1918లో ఉర్దూ మాధ్యమంతో వెలసింది. దాని అనువాద సంస్థ దారుల్ తర్జుమా శాస్త్రగ్రంథాలను ఉర్దూలోకి తెచ్చింది. 1948 తరువాత ఇంగ్లీషు ఆ స్థానాన్ని ఆక్రమించింది. తెలుగు విద్యార్థికి మాత్రం ఇది ఒక పరభాష నుంచి మరో పరభాషకు మారడమే. భగవంతం ఉపాధ్యక్షత్వం ఈ మార్పు కాలానిదే. కనుక ఆయన కృషిని అంచనా వేసేటప్పుడు బోధనాభాష ప్రశ్నను పక్కన పెట్టరాదు. ఆ లోపాన్ని ఒక్క వ్యక్తికే ఆపాదించనూరాదు.

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి డిగ్రీ స్థాయి వరకు పాఠ్యగ్రంథాలను, పరిభాషను అందించింది. అయినా ‘సౌష్ఠవం’, ‘సమూహం’, ‘పరిక్షేపణం’ వంటి పదాలుంటే శాస్త్రం వచ్చినట్లు కాదు. ఒక మెట్టు నుంచి తరువాతి మెట్టుకు నడిపించే వివరణ కావాలి. భగవంతం గ్రంథం తెలుగు పాఠ్యరచనకు నేర్పగల పాఠం అదే. పదకోశ నిర్మాణంతో ఆగక, వివరణాత్మక శాస్త్రవచనాన్ని కూడా తెలుగు పరిశోధకులు అధ్యయన విషయంగా స్వీకరించవలసి ఉంది.